కొత్తగా బడిలో చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఆరో తరగతి పిల్లలు ముఠాలుగా విడిపోయారనీ, ఆత్మకూరు వైపు నుంచి వచ్చి చేరిన అబ్బాయి పక్కన ఎవరూ కూర్చోవడం లేదనీ, అందరూ కలిసి ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదనీ రాశావు. చెబితే వచ్చేది కాదమ్మా అది. ఒకరి అవసరం మరొకరికి పడే పనిని వారి చేతిలో పెట్టాలి.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడిలో చేర్చినప్పుడు తగాదాలు ముదిరితే, ఎలియట్ అరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కే ఇచ్చి, మిగిలినది తోటివారి నోట విని నేర్చుకోక తప్పని ఏర్పాటు చేశాడు. నీవు పెన్నానది పాఠంతో మొదలుపెట్టు. నంది కొండల్లో పుట్టుక ఒకరికి, గండికోట లోయ ఒకరికి, సోమశిల జలాశయం మరొకరికి, సముద్రంలో కలిసే చోటు నాలుగోవారికి అప్పగించు. సోమశిల ఆత్మకూరు వైపే కాబట్టి ఆ ముక్క కొత్త అబ్బాయికే ఇవ్వు. వాడు కళ్లారా చూసి ఉంటాడు. జట్లు నీవే వేయాలి, పిల్లలకు వదిలితే పాత ముఠాలే తిరిగి కూర్చుంటాయి. వేర్వేరు జట్లలో ఒకే ముక్క అందినవారంతా ముందుగా ఒకచోట చేరి చదువుకోవాలి. ఈ మెట్టు దాటవేస్తే చదువులో వెనుకబడిన బిడ్డ జట్టు ముందు తడబడి నవ్వులపాలవుతాడు.

మంచి పని చేసినవారి పేరు పక్కన గోడమీద నక్షత్రం అంటించే పద్ధతిని నేనూ రెండేళ్లు నడిపాను. ఒక గడుగ్గాయి తన రబ్బరు తానే పడవేసి, తానే ఏరి తెచ్చి నక్షత్రం అడిగిన రోజున మానేశాను. అప్పటి నుంచి, చూసిన మంచి పనిని చూసినట్టు, ఆ బిడ్డకు మాత్రమే వినబడేలా చెప్పేవాణ్ణి.

నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో, కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి, కోరుకునేవారికి రొట్టె ఇస్తారు కదా. అలాగే నా తరగతిలో భిన్నాల లెక్క నేర్చుకున్నవాడు, నేర్పినవాడికి కాక, ఆ లెక్క రాని మరొకడికి నేర్పి ఆ బాకీ తీర్చాలి.

ఇక పిల్లలు కొట్టుకున్నప్పుడు గుంజిళ్లు తీయించకు. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. అదీకాక, ఇద్దరినీ కలిపి శిక్షిస్తే వారు కలిసేది నీ మీద కోపంలోనే.

సోమశిల గురించి ఆ అబ్బాయి ఏమి చెప్పాడో దసరా సెలవుల్లో వచ్చినప్పుడు చెప్పు.

మీ మామయ్య