తుట్టె అంతా కోయకుండా తేనె తీయాలంటే

ప్రశ్న: మాది ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఒక కోయగూడెం. ఎండాకాలంలో పెద్ద ఈగల తేనె తీస్తాం. రాత్రిపూట కాగడా పట్టి, తుట్టె మొత్తం కోసి దించుతాం. కొన్నేళ్లుగా తుట్టెలు తగ్గిపోతున్నాయి. నిప్పు పేరు చెప్పి ఫారెస్టోళ్లు అడ్డుకుంటున్నారు. ఇండోనేషియాలో చెట్లకు చెక్కలు కట్టి ఈగలను రప్పిస్తారని, అడవికి నష్టం లేకుండా తేనె అమ్ముతారని విన్నాం. మాకు పనికొస్తుందా?

జవాబు: మీరు విన్నది పశ్చిమ కాలిమంతాన్‌లోని దనావు సెంతారుమ్ సంగతి. అక్కడంతా సరస్సులు, ఏటా నీట మునిగే అడవి. 1999లో నేషనల్ పార్కు అయింది. పార్కు లోపల ఇప్పటికీ ఊళ్లున్నాయి. చేపలే బతుకుతెరువు, తేనె దానికి తోడు. ఈగ మన దగ్గరిదే, ఏపిస్ డార్సాటా.

ఆ చెక్కను 'తికుంగ్' అంటారు. మన్నికైన కర్రను సుమారు మనిషి పొడవున, జానెడు వెడల్పున చెక్కి, కొమ్మల మధ్య ఏటవాలుగా బిగిస్తారు. ఈగలకు అది వాలుకొమ్మలా కనిపించి తుట్టె పెడతాయి. చెక్కమీద ఎవరి గుర్తు వాళ్లు చెక్కుకుంటారు. తేనె తీసేవాళ్ల జట్టు పేరు 'పెరియావు'. ప్రతి జట్టుకూ హద్దులున్న అడవి, సొంత కట్టుబాట్లు ఉంటాయి. ఈ జట్లలో కొన్ని కలిసి 2006లో సంఘం పెట్టుకుని, మరుసటి ఏడు తమ తేనెకు సేంద్రియ ధ్రువపత్రం తెచ్చుకున్నాయి.

చెక్కల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అక్కడివి నీటి ఒడ్డున పొట్టి చెట్లు, పడవలో వెళ్లి అందుకోవచ్చు. మన ఏటూరునాగారం అభయారణ్యంలో పెద్ద ఈగ ఎత్తైన మద్దిని, బూరుగును, కొండ చరియను వెతుక్కుంటుంది. ఎండిపడిన కర్రతో నాలుగైదు చెక్కలు కట్టి చూడండి. దానికోసం పచ్చి చెట్టు నరికితే చేసిన మేలంతా పోయినట్టే. వాళ్ల దగ్గర తెచ్చుకోవాల్సింది కట్టుబాటు: ఏ చెట్టు ఎవరిది, ఎన్ని తుట్టెలు ముట్టకుండా వదలాలి, తుట్టె పెట్టే చెట్టు నరికితే జరిమానా ఎంత అన్నది సీజన్‌కు ముందే గూడెమంతా కూర్చుని తేల్చుకోవడం. మూడింట ఒక తుట్టెను ముట్టకుండా వదిలేస్తే మంచిది.

ఇక అసలు సంగతి కోతలో ఉంది. పెద్ద ఈగది ఒకటే రేకు. కొమ్మను అంటిపెట్టుకుని, ఏటవాలు కొమ్మైతే ఎత్తు వైపున, లావుగా ఉబ్బి ఉన్నదే తేనె భాగం. దాని పక్కన పుప్పొడి, కింద పలచగా వేలాడేదంతా పిల్లల భాగం. పిల్లలు పోతే ఈగలకు అక్కడ ఉండే పని లేదు, గుంపు లేచిపోతుంది. పిల్లలను వదిలేస్తే అక్కడే ఉండి, కోసిన చోట మళ్లీ మైనం కట్టి తేనె నింపుతాయి. పూత బాగుంటే అదే తుట్టెకు రెండో కోత కూడా దొరుకుతుంది. తేనె గదుల్లో నాలుగింట మూడొంతులకు పైగా తెల్లటి మైనపు మూత పడ్డాకే కత్తి పెట్టండి. పచ్చి ఆకుల కట్టతో కొద్దిగా పొగ పెట్టి, ఈగలను తేనె భాగం మీదనుంచి పక్కకు జరపండి. కొమ్మకు వేలు మందం మైనం ఉంచి, స్టీలు కత్తితో తేనె భాగం వరకే కోసి, బకెట్‌లో తాడుతో దించండి. రాత్రి కాగడా కొడితే ఈగలు రాలే నిప్పురవ్వల వెంట పడి నేలమీద చస్తాయి, ఎండుటాకు అంటుకుంటుంది. వెలుతురు ఉండగా తీయాలంటే ముఖానికి వల, నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు తప్పనిసరి. కుట్టిన ముల్లును ఆలస్యం చేయకుండా గోటితో గీకేయాలి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిప్పు విషయంలో అధికారుల మాట సరైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 30 అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయొద్దు, ఆర్పకుండా వదలొద్దు అంటుంది. తేనె తీయడం మీ హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం తేనెనూ మైనాన్నీ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. పోడు పట్టాల హడావిడిలో సామూహిక హక్కులు చాలా గూడేల్లో వెనకబడ్డాయి. సామూహిక హక్కులకు ఫారం-బి, అడవి మొత్తాన్ని కాపాడుకుని నడిపించే హక్కుకు ఫారం-సి. అటవీ హక్కుల కమిటీ హద్దుల పటం గీసి, కనీసం రెండు ఆధారాలు జతచేయాలి. గ్రామసభ తీర్మానంతో అది డివిజన్ కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. తేనె తీసే చెట్లు, గుట్టలు పేరుపేరునా పటంలో చూపించండి.

ప్రశ్న: హన్మకొండ సంతలో కొన్న అడవి తేనె నెలకే నురగ వచ్చి పుల్లబడింది. కల్తీనా?

జవాబు: కల్తీ అని చెప్పలేం. మన ఆహార ప్రమాణం ప్రకారం తేనెలో నీరు 20 శాతం దాటకూడదు. అడవి తేనెలో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు, వానలు పడ్డాక తీసినదైతే మరీ. నీరు ఎక్కువైతే అందులో ఉండే ఈస్టు పులియబెడుతుంది. తుట్టెను చేత్తో పిండితే పిల్లల రసం, పుప్పొడి కలిసి ఇంకా తొందరగా పాడవుతుంది. పిండకూడదు: తేనె భాగం మూతలు కత్తితో గీసి, నైలాన్ వలమీద పెట్టి, మూతపెట్టిన స్టీలు గిన్నెలోకి దానంతటదే కారనివ్వాలి. ఇనుము, అల్యూమినియం వద్దు. తేనె పులుపు వాటిని తినేస్తుంది. తడి గాలిలో ఉంచితే తేనె నీరు లాక్కుంటుంది కాబట్టి డబ్బా అంచుదాకా నింపి బిగించాలి. నీరు పోతుందని కాచే అలవాటు మానాలి: వేడికి హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, దాని పరిమితి కిలోకు 80 మిల్లీగ్రాములు. నీటి శాతం చూడటానికి రిఫ్రాక్టోమీటర్ ఒకటి గూడెమంతటికీ సరిపోతుంది. కొనేటప్పుడు తేనె కొలిచే స్కేలు ఉన్నదే అడగండి.