'ఆన్ అవట్లేదు' అని కాదు, ఎక్కడ ఆగిందో చెప్పు

చిట్టీ,

"మావయ్యా, నువ్విచ్చిన పాత కంప్యూటర్ ఆన్ అవట్లేదు" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నావు. ఒంట్లో బాగోలేదని డాక్టరుకి చెప్పి, ఎక్కడ నొప్పో చెప్పకుండా కూర్చున్నట్టుంది. ఫ్యాన్ కూడా తిరగకపోతే ఆన్ అవట్లేదంటారు. విండోస్ బొమ్మ దగ్గర గంటసేపు ఉండిపోయినా ఆన్ అవట్లేదనే అంటారు. రెండింటికీ మందు వేరు.

అందుకని స్క్రూడ్రైవర్ అప్పుడే తీయకు. ముందు కుర్చీ వేసుకుని కూర్చో. ఫోన్‌లో వీడియో పెట్టి, పవర్ బటన్ నొక్కి, చేతులు కట్టుకుని చూడు. లైటు వెలిగిందా? ఫ్యాన్ తిరిగిందా, తిరిగి ఆగిపోయిందా? బీప్ వచ్చిందా, వస్తే ఎన్ని? కంపెనీ బొమ్మ కనబడిందా? ఆ తర్వాత నల్లటి తెర మీద తెల్లక్షరాలు ఏమైనా వచ్చి మాయమయ్యాయా? వీడియో అందుకే తీయమన్నాను. ఆ అక్షరాలు ఒక్కోసారి రెండు సెకన్లు కూడా నిలవవు, వీడియో ఆపుకుని తాపీగా చదువుకోవచ్చు.

కంప్యూటర్ లేవడమంటే మెట్లెక్కడం లాంటిదే. ముందు కరెంటు అందాలి. తర్వాత మదర్‌బోర్డు, అంటే అన్ని భాగాలూ తగిలించే పెద్ద పలక, తన ర్యామ్‌నీ (పని జరిగేటప్పటి తాత్కాలిక జ్ఞాపకం) తెరకి బొమ్మ పంపే వీడియో భాగాన్నీ సరిచూసుకోవాలి. ఆ తర్వాత డిస్క్‌ని వెతుక్కోవాలి. ఇవన్నీ అయ్యాకే విండోస్ వంతు. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే దాని కింది మెట్ల జోలికి పెద్దగా పోనక్కర్లేదు. ఇది పట్టించుకోకుండా, విండోస్ పాడైతే ర్యామ్ మార్చినవాళ్లని చూశాను. అరచేతిలో పట్టే బ్యాటరీ అయిపోతే విండోస్ మొత్తం మళ్లీ వేసినవాణ్ణీ చూశాను. ఆ రెండోవాణ్ణి నేనే, ఆ సంగతి కిందికొచ్చాక చెప్తాను.

అసలు లైటే వెలగలేదనుకో. గోడ ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడు. పవర్ కేబుల్ రెండు చివర్లూ గట్టిగా నొక్కు. డబ్బా వెనక ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అయిపోవడం మామూలే. అదీ కాకపోతే ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకో. లోపల మిగిలిన కాస్త కరెంటు పోతుంది. మళ్లీ పెట్టి చూడు. చాలాసార్లు దీంతోనే లేస్తుంది, ఎందుకు లేచిందని మాత్రం నన్నడక్కు. ఇంకా లేవకపోతే వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి చూడటమే. పాతదాన్ని విప్పి లోపల ఏముందో చూద్దామన్న సరదా మాత్రం వద్దు. ప్లగ్ పీకిన తర్వాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది. ఎస్ఎంపీఎస్ మార్చుకునే సరుకు, బాగుచేసుకునే సరుకు కాదు.

ఫ్యాన్ తిరుగుతోంది గానీ తెర మీద ఏమీ లేదంటే, ముందు మానిటర్‌కి పవర్ ఉందో లేదో, కేబుల్ సరైన చోట ఉందో లేదో చూడు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి కాదు. అక్కడా తేడా లేకపోతే నా అనుమానం ర్యామ్ మీదికే పోతుంది. అంత పాత మిషన్లలో ర్యామ్ పాడవడం కన్నా, దాని కాళ్లకి మురికి పట్టడమే ఎక్కువ.

ఆ పని ఇలా చెయ్యి. ప్లగ్ పీకెయ్. డబ్బా పక్క తలుపు తీసి, లోపలి రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకో, నీ ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. ర్యామ్ పట్టీకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు బయటికి వంచితే పట్టీ దానంతటదే పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీయి, బంగారు రంగు గీతల మీద వేలు పెట్టకు. వెలుతురులో వంచి చూడు. కొత్తలో తళతళలాడిన ఆ గీతలు నల్లబడి మసకగా కనబడతాయి. మెత్తటి పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా తేలిగ్గా, పొడుగునా ఒకే దిక్కుకి రుద్దు. రబ్బరు పొట్టు పొడి గుడ్డతో తుడిచెయ్యి, స్లాట్‌లోకి పోనివ్వకు. స్లాట్‌లో దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో తీయి. నోటితో ఊదకు, గాలితో పాటు తుంపర కూడా పోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు పట్టీలో ఉన్న గంటు స్లాట్‌లో ఉన్న దిమ్మకి సరిపోవాలి. సరిపోతే రెండు చివర్లూ నొక్కు, 'టక్'మని క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి. కొత్తవాళ్లు అక్కడే భయపడి సగం నొక్కి వదిలేస్తారు. రెండు పట్టీలుంటే ముందు ఒక్కటే పెట్టి చూడు. తర్వాత అది తీసి రెండోది పెట్టు. ఏది పెట్టినప్పుడు లేవలేదో దానిదే తప్పు.

ఒక్కసారికి ఒక్కటే మార్చు అని నేను ఎప్పుడూ అనడానికి కారణం ఇది. ర్యామ్ తుడిచి, కేబుల్ మార్చి, బ్యాటరీ వేసి ఒకేసారి ఆన్ చేస్తే లేవొచ్చు గానీ, దేనివల్ల లేచిందో తెలియదు. మూణ్నెల్ల తర్వాత మళ్లీ మొదటికొస్తావు.

బీప్‌ల సంగతి: వాటి భాష ఒక్కో బయోస్‌కి (మదర్‌బోర్డులోనే ఉండి, విండోస్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం) ఒక్కో రకం. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగూ రెండు పొట్టీ అంటే వీడియో దగ్గర తేడా. మిగతావి నీ మదర్‌బోర్డు పుస్తకంలో చూసుకోవాలి. అసలు బీపే రాకపోతే కంగారుపడకు, చాలా డబ్బాల్లో ఆ బుల్లి స్పీకర్ పెట్టనే పెట్టరు.

తలుపు తీశావు కాబట్టి మదర్‌బోర్డు మీద నిలబడి ఉన్న చిన్న స్తంభాల్లాంటి కెపాసిటర్ల తలలు కూడా చూడు. చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు పెచ్చు కట్టినా ఆ బోర్డు మీద ఆశ పెట్టుకోకు. 2000 తర్వాత మొదటి ఏళ్లలో తయారైన బోర్డుల్లో ఈ జబ్బు ఎంతలా వచ్చిందంటే దానికి 'కెపాసిటర్ ప్లేగు' అనే పేరు పడిపోయింది. నీది అంత పాతది కాదులే. ఇక ఆన్ అయిన రెండు మూడు నిమిషాలకే ఠక్కున ఆరిపోతోందంటే అది వేడి. ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. అది తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైకి లాగే పూత) తుడిచి కొత్తది రాయి.

ఇప్పుడు నా కథ. నా వెనకటి కంప్యూటర్ కొన్నాళ్లు రోజూ పొద్దున్నే నల్ల తెర మీద రెండు లైన్లు చూపించి, ఎఫ్ 1 నొక్కమనేది. నేను నొక్కేవాణ్ణి. ఆ లైన్లలో ఏముందో ఒక్కరోజూ చదవలేదు. గడియారం వెనకబడి ఉండేది, సరిచేసుకునేవాణ్ణి. మర్నాడు మళ్లీ వెనక్కే. పాతదైపోయింది, చాదస్తం అనుకున్నా. ఒకరోజు విండోస్ బొమ్మ వచ్చీ రాగానే నీలం తెర పడింది. కింద 'స్టాప్' అన్న మాట, పక్కన బోలెడు సున్నాలు, చివర 7బి. హార్డ్ డిస్క్ పోయిందని నిర్ణయించేసుకున్నా. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేశా. మీ అమ్మమ్మ చేత చిన్నప్పటి కబుర్లు చెప్పించి రికార్డు చేసుకున్న ఫైళ్లు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

ఆ డిస్క్ ఆ తర్వాత అయిదేళ్లు శుభ్రంగా పనిచేసింది.

జరిగిందేమిటంటే, మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అని బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ అంకెలే దాని పేరు. బయోస్ సెట్టింగులనీ గడియారాన్నీ నిలబెట్టేది అదే. అది అయిపోతే బయోస్ తన మామూలు సెట్టింగులకి వెళ్లిపోతుంది. నా విండోస్ వేసినప్పుడు డిస్క్ సెట్టింగు ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయాక అది ఏహెచ్‌సీఐ అయిపోయింది. డిస్క్‌తో ఆ కొత్త పద్ధతిలో మాట్లాడే డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) విండోస్ దగ్గర సిద్ధంగా లేదు, దాంతో 7బి. బయోస్‌లోకి వెళ్లి ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మారిస్తే నిమిషంలో లేచేది. నెలల తరబడి ఎఫ్ 1 దగ్గర కంప్యూటర్ నాతో మొరపెట్టుకున్నది అదే, బ్యాటరీ అయిపోతోంది బాబూ అని.

నువ్వు ఆ డెస్క్‌టాప్‌ని ప్లగ్ పీకి చాలాకాలం మూల పెట్టావు కదా, నా మొదటి అనుమానం ఈ బ్యాటరీయే. ప్లగ్‌లో ఉన్నంతసేపూ దాని మీద భారం పడదు, పీకి పెడితే పడుతుంది. మల్టీమీటర్ ఉంటే కొలువు, కొత్త బ్యాటరీ మూడు వోల్టులకి కాస్త పైనే చూపిస్తుంది. లేకపోతే కొలవడం దేనికి, మార్చేసెయ్. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టుకో. వేశాక తేదీ సరిచేసి, డిస్క్ సెట్టింగు, బూట్ ఆర్డర్ (ఏ డిస్క్ నుంచి ముందు లేవాలన్న వరస) చూసుకో. తేదీ తప్పుంటే విండోస్ లేచినా బ్రౌజర్ సగం సైట్లు తెరవనని మొండికేస్తుంది.

కంప్యూటర్ తను లేవాల్సిన డిస్క్, అంటే బూట్ డివైస్, దొరకలేదని చెప్తే, ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టి మర్చిపోయావేమో చూడు. నవ్వకు, నాకు రెండుసార్లు జరిగింది. తర్వాత డిస్క్‌కి వెళ్లే సాటా కేబుల్ రెండు వైపులా పీకి మళ్లీ పెట్టు, వేరేది ఉంటే మార్చు. బయోస్‌లో డిస్క్ పేరు కనబడుతోందో లేదో చూడు. కనబడకపోతే విండోస్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

డిస్క్ బానే ఉండి విండోస్ దగ్గరే ఆగుతుంటే, నీది విండోస్ 7 కాబట్టి దాని బొమ్మ రాకముందే ఎఫ్ 8 టపటపా నొక్కు. వచ్చిన మెనూలో సేఫ్ మోడ్ (తప్పనిసరి వాటితో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) ఎంచుకో. అందులో లేచిందంటే విండోస్ ప్రాణం గట్టిగానే ఉన్నట్టు, కొత్తగా వేసిన డ్రైవరో సాఫ్ట్‌వేరో అడ్డుపడుతోంది. చివరగా ఏం వేశావో గుర్తు తెచ్చుకుని తీసెయ్. సేఫ్ మోడ్ కూడా రాకపోతే అదే మెనూలో రిపేర్ ఉంటుంది, స్టార్టప్ రిపేర్ నడిపించు.

కానీ ఆగు. రిపేర్ గానీ చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) గానీ నొక్కే ముందు నీ ఫైళ్లు బయటికి తీయి. చెక్‌డిస్క్ డిస్క్‌ని గంటల తరబడి చదివిస్తుంది, రాయిస్తుంది. ప్రాణాల మీదున్న డిస్క్‌కి ఆ పని చెప్పకూడదు. ఇంకో కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు వాడుకునే ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నీ కంప్యూటర్‌ని దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ అని కాకుండా ట్రై అని ఎంచుకో. విండోస్‌ని ముట్టుకోకుండానే నీ ఫోల్డర్లు కనబడతాయి. ఫోటోలు, కాగితాలు ముందు. సినిమాలు చివర, అసలు వదిలేసినా నష్టం లేదు.

డిస్క్ లోపలి నుంచి టిక్కు టిక్కుమని లయ తప్పని చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ వద్దు, వెంటనే ఆపెయ్. ఇంకోసారి చూద్దాం అనుకున్న ప్రతిసారీ లోపల డేటా చదివే రీడింగ్ హెడ్, డేటా ఉండే పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెప్తే వినకు, లోపల చెమ్మ పడుతుంది. అందులో ఉన్నవి నీకు అంత ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వాలి, కాదంటే డిస్క్ మీద ఆశ వదులుకోవాలి.

అన్నట్టు, విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. లేచింది కదా అని దాంట్లో బ్యాంకు పనులు చెయ్యకు. రాసుకోవడానికీ పాత ఫోటోలు చూసుకోవడానికీ చాలు, లేదా అదే లైనక్స్ వేసుకో.

రేపు కూర్చుని చూసి, ఆ వీడియో పంపు. బ్యాటరీ మార్చకముందు తీసింది పంపాలి, మార్చాక కాదు.

మీ మావయ్య