క్రిస్మస్ సెలవుల్లో కారులో ఫ్రాన్స్: చలిలో, పాపతో, బంధువుల ఇళ్లకు వెళ్లి రావచ్చా?

మీరు అడిగింది ఇదీ: స్టుట్‌గార్ట్ నుంచి సొంత కారులో బయల్దేరి పారిస్ శివార్లలో పెద్దమ్మగారిల్లు, లియాన్‌లో ఫ్రెంచ్ స్నేహితులు, గ్రెనోబుల్‌లో చదువుకుంటున్న తమ్ముడు, అందరినీ వారం రోజుల్లో చూసి రావాలి. నాలుగేళ్ల పాప ఉంది. చలికాలంలో ఈ ప్రయాణం పెట్టుకోవచ్చా, రైలెక్కడం మేలా?

పెట్టుకోవచ్చు. మేమూ జర్మనీ నుంచి ఇంచుమించు ఈ దారిలోనే చలికాలంలో వెళ్లొస్తుంటాం, చిన్నపిల్లతోనే. అందరూ మంచుకు భయపడతారు గానీ ఈ దారిలో అసలు కరువు వెలుతురుకు. డిసెంబరు చివర్లో పారిస్‌లో సూర్యోదయం 8:40 దాటాక. సాయంత్రం 5 కొట్టేసరికి పొద్దు గుంకిపోతుంది. ఎనిమిది గంటల పగలు మాత్రం చేతిలో ఉంటుంది. స్టుట్‌గార్ట్ నుంచి పారిస్ 600 కిలోమీటర్ల పైమాటే. పాప కోసం ఆగుతూ, తినిపిస్తూ వెళ్తే ఆ పగలంతా దానికే అయిపోతుంది. కాబట్టి మ్యాప్ చూపించే గంటలను పక్కన పెట్టి, పగటిపూట ఎంత దూరం పోగలరో దాన్ని బట్టి ప్లాన్ వేసుకోండి. ఒక రోజు ప్రయాణం చేస్తే, మర్నాడు పూర్తిగా ఆ ఇంట్లోనే ఉండిపోండి.

ఇంకో మాట. వెళ్లే ఇంటివాళ్లకు భోజనం టైం చెప్పొద్దు. మనవాళ్ల సంగతి మీకు తెలిసిందే. "ఏడింటికల్లా వచ్చేస్తాం" అన్నామంటే ఏడింటికి అన్నం వార్చి, మనం వచ్చేదాకా ముద్ద ముట్టరు. మీరేమో పారిస్‌కు ముందు వచ్చే రీమ్స్ దగ్గర పొగమంచులో ముందు కారు వెనక లైట్లు కూడా సరిగ్గా కనపడక నెమ్మదిగా పాకుతుంటారు. అక్కడ పెద్దమ్మ ఆకలితో కూర్చుని ఉన్నారన్న టెన్షన్‌తో కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. నా దృష్టిలో చలికాలపు ప్రయాణంలో అతి పెద్ద ప్రమాదం ఇదే. ఫ్రాన్స్ మోటార్‌వేల మీద వేగం మామూలుగా గంటకు 130 కిలోమీటర్లు, వాన పడుతుంటే 110, 50 మీటర్ల అవతల ఏమీ కనపడకపోతే 50. ఇది చట్టం. "చీకటి పడేలోపు రావాలని చూస్తాం, ఆలస్యమైతే మీరు తినేసి పడుకోండి, దారిలో ఆగాల్సి వస్తే హోటల్లో ఉండి పొద్దున్నే వస్తాం" అని బయల్దేరే ముందే గట్టిగా చెప్పండి. చెప్పినా ఎదురుచూస్తారు, అది వేరే సంగతి. కానీ మీ మనసు కుదుటపడుతుంది.

మా పెద్దనాన్నగారిది యానాం. ఫ్రెంచ్ వాళ్ల నుంచి యానాం 1954లో మన పాలనలోకి వచ్చింది. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు అక్కడివాళ్లకు ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకునే వీలు కల్పించారు. అలా ఉంచుకున్న కుటుంబాల్లో కొన్ని ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాయి. పారిస్ శివార్లలోని పెద్దనాన్నగారింట్లో, బయట మైనస్‌లో చలి, లోపల గోదావరి జిల్లా యాసలో పలకరింపులు, పొయ్యి మీద గోంగూర రొయ్యలు. కరివేపాకు, మునక్కాడల కోసం ఆయన లా షపెల్ ప్రాంతంలోని శ్రీలంక తమిళుల కొట్లకు మెట్రోలో వెళ్తారు. మీరూ పారిస్ లోపలికి కారు తీయకండి. శివార్లలో ఇంటి దగ్గరే పెట్టేసి మెట్రోలో, సబర్బన్ రైల్లో తిరగండి.

ఇక టైర్ల సంగతి. ఫ్రాన్స్‌లో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు కొండ ప్రాంతాల్లో, బోర్డు పెట్టిన చోట్ల, వింటర్ టైర్లు గానీ, కారులో మంచు గొలుసులో గుడ్డ తొడుగులో గానీ ఉండి తీరాలి. ఈ నియమం 2021 నుంచి ఉంది. టైరు మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు ఉన్న బొమ్మ కనపడాలి. ఎం, ఎస్ అక్షరాలు మాత్రమే ఉన్న పాత టైర్లు 2024 నవంబరు నుంచి చెల్లవు. జర్మనీలో ఉంటున్నారు కాబట్టి మీకు మంచి టైర్లు ఉండే ఉంటాయి. అయినా ఆల్ప్స్ వైపు వెళ్తున్నారు గనుక గొలుసులు కూడా తీసుకెళ్లండి. హిమపాతం ఎక్కువైనప్పుడు గొలుసు ఉన్న టైరు బొమ్మతో నీలం రంగు గుండ్రటి బోర్డు పెడతారు. వింటర్ టైర్లు చాలని దాని కింద రాసి లేకపోతే గొలుసులు వేయాల్సిందే. ఇంటి పార్కింగ్‌లో ఒకసారి వేసి తీసి చూడండి. కొండదారి పక్కన చీకట్లో, తడి గ్లౌజులతో మొదటిసారి నేర్చుకోవడం నరకం. ఇంజిన్ ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే వేయాలి.

టైర్లంత ముఖ్యమైనది అద్దం కడిగే నీళ్లు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ముందు లారీ చక్రాల నుంచి లేచే ఆ ఉప్పు తుంపర అద్దం మీద పడి ఆరి తెల్లటి పొరలా పేరుకుంటుంది. వైపర్ వేస్తే పోకపోగా అద్దమంతా అలుక్కుపోతుంది. ఎదురుగా సూర్యుడు కిందికి దిగి ఉంటే ఇక ఏమీ కనపడదు. మామూలు నీళ్లు పోసి ఉంటే గొట్టంలోనే గడ్డకడతాయి. మైనస్ 20 వరకు పనిచేసే ద్రవం నింపుకుని, ఇంకో డబ్బా డిక్కీలో పెట్టుకోండి. ఫ్లోరసెంట్ జాకెట్లు మాత్రం డిక్కీలో పెట్టొద్దు, సీటు పక్కన చేతికి అందేలా ఉండాలి. జాకెట్, వార్నింగ్ ట్రయాంగిల్ రెండూ తప్పనిసరి. మోటార్‌వే మీద కారు ఆగిపోతే అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడాలి. అక్కడికి మన మెకానిక్‌ను పిలిపించుకునే వీల్లేదు. రోడ్డు పక్కన నారింజ రంగు ఎమర్జెన్సీ ఫోన్‌లో చెబితే అనుమతి ఉన్న వాహనమే వచ్చి లాక్కెళ్తుంది. పాపకు దుప్పటి, ఫ్లాస్కులో వేడినీళ్లు వెనక సీట్లోనే ఉంచండి. పాప లావుపాటి చలికోటు మాత్రం విప్పేశాకే సీటు బెల్టు పెట్టండి. కోటు మీద పెట్టిన బెల్టు లోపల వదులుగా ఉంటుంది, గుద్దుకుంటే పట్టి ఉంచదు.

పారిస్ నుంచి లియాన్‌కు ఏ6 మోటార్‌వే మీద 465 కిలోమీటర్లు. దారిలో బోన్ అనే ఊరు దాటాక, షాలోన్, మాకోన్ దగ్గర సోన్ నది లోయలో పొగమంచు గంటల తరబడి కదలదు. అందుకే ఆ ముక్కను మధ్యాహ్నంలోపే దాటేలా చూసుకోండి. కుదరకపోతే బోన్‌లో రాత్రి ఆగడం ఉత్తమం. క్యాన్సిల్ చేసుకోగలిగే గది ముందే బుక్ చేసుకోండి. ప్రభుత్వం నడిపే బిజోన్ ఫుటే సైట్‌లో ఏ రోజు ఎంత రద్దీ ఉంటుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే చెబుతారు. సెలవుల్లో శనివారాలు స్కీయింగ్‌కు పోయేవాళ్లతో ఆల్ప్స్ దారులన్నీ కిక్కిరిసిపోతాయి. లియాన్‌లో ఫూర్వియేర్ సొరంగం దగ్గర మామూలు రోజే బండ్లు బారులు తీరి ఉంటాయి. లియాన్ నుంచి గ్రెనోబుల్‌కు శనివారం మాత్రం పెట్టుకోకండి. దారిలో రేడియో 107.7 పెట్టుకుంటే మోటార్‌వే ట్రాఫిక్ వార్తలు వస్తాయి. భాష రాకపోయినా ఊరి పేర్లు వినపడితే విషయం అర్థమవుతుంది. టోల్ గేట్ల కోసం అద్దానికి అంటించే బ్యాడ్జి తెప్పించుకోండి. ప్రతి గేటు దగ్గర అద్దం దించి పాపకు చలిగాలి తగిలించే బాధ తప్పుతుంది.

ఫ్రెంచ్ స్నేహితుల ఇంట్లో పద్ధతి వేరు. ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదీ పదికి వెళ్లాలి, ముందు వెళ్లకూడదు. మీరు ఏం తినరో వారం ముందే రాయండి, ఏమీ అనుకోరు. మేం శాకాహారులమని చెప్పినందుకు మా స్నేహితురాలు రాక్లెట్ పెట్టింది. ఉడికించిన బంగాళాదుంపల మీద కరిగించిన చీజ్ వేసుకుని తినడం. మాంసం ముక్కలు వేరే పళ్లెంలో పెడతారు కాబట్టి మనకు ఇబ్బంది లేదు. వీలైతే మీ సెలవును జనవరి మొదటి వారంలోకి జరపమని నా సలహా. అప్పుడు గాలెట్ దే రువా తింటారు. బాదం క్రీమ్ నింపిన పొరల కేకు, లోపల చిన్న పింగాణీ బొమ్మ దాచి ఉంటుంది. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల బల్ల కింద కూర్చుని ఏ ముక్క ఎవరికో చెప్పాలి. మా పాపకు ఫ్రెంచ్ రాదు. అయినా బల్ల కింద నుంచి ఒక్కొక్కరి పేరు తెలుగు పలుకుబడిలో అరుస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మ ఎవరి ముక్కలో దొరికితే వాళ్లకే కిరీటం. అది ఆ ఇంటి తాతగారికి దొరికింది. కాగితపు కిరీటం ఆయన తీసి పాపకు పెట్టాడు. అక్కడి నుంచి పాప ఆయన ఒడి దిగలేదు.

గ్రెనోబుల్ ఊరు లోయలో ఉంది, ఊళ్లో మంచు నిలవడం తక్కువే. తమ్ముడితో కలిసి పాపకు మంచు చూపించాలంటే షామ్రూస్‌కు వెళ్లండి, 1968 వింటర్ ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీ పోటీలు జరిగింది అక్కడే. ఊరి నుంచి బస్సులుంటాయి, కారు ఊళ్లోనే వదిలి బస్సెక్కండి. డిసెంబరు 24 సాయంత్రం నుంచి 25 అంతా దుకాణాలు మూసేస్తారు, జనవరి 1న కూడా అంతే. పాలు, పాప మందులు ముందే కొని పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో స్విట్జర్లాండ్ మీదుగా రావాలంటే 40 ఫ్రాంకుల వార్షిక స్టిక్కర్ కొనాలి. అందుకని బూర్గ్, బెజాన్‌సోన్, ములూజ్ మీదుగా ఏ39, ఏ36 పట్టుకుంటే నయం. పాస్‌పోర్టులు, జర్మన్ రెసిడెన్స్ కార్డులు పాపవి సహా పైనే పెట్టుకోండి, సరిహద్దులో ఆపి అడుగుతున్నారు. మీది ఇండియా లైసెన్స్ మాత్రమే అయితే కారు తీయొద్దు. జర్మనీలో ఆరు నెలలు దాటాక అది చెల్లదు. అప్పుడు రైలే మేలు.