ఆ ఈఎంఐ మీకు మీరే ముందుగా కట్టుకోండి

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మావారు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా, నెలకు 32,000 వస్తుంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, 8,000 దాకా ఉంటుంది. పాపకి 12 ఏళ్లు, బాబుకి 6. అత్తయ్యగారికి 64, మాతోనే ఉంటారు. పాప క్లాస్‌మేట్ బెంగళూరు వండర్‌లా రైడ్ల పార్కుకి వెళ్లొచ్చిందట, దసరా నుంచీ ఇంట్లో అదే పాట. మాలో ఎవరం బెంగళూరు చూడలేదు. ట్రావెల్స్ అతను ఐదుగురికీ మూడు రోజుల ప్యాకేజీ 62,000 అంటున్నాడు, నెలకు 5,850 చొప్పున 12 నెలలు కట్టొచ్చట. కట్టగలం అనే అనిపిస్తోంది. లేదంటే నా గాజులు బ్యాంకులో పెడదామని మావారు అంటున్నారు. దాచుకున్నది 55,000 ఉంది, అది కదపాలంటే భయం. సీజన్ అయ్యాక షావుకారు ఇచ్చే 15,000 స్కూలు ఫీజుకే పోతుంది. వెళ్లమంటారా, మానుకోమంటారా?

సమాధానం: వెళ్లండమ్మా. కాకపోతే ఈఎంఐ మీద వద్దు, గాజుల మీద వద్దు, ఆ 55,000 జోలికి అసలే వద్దు.

ముందు ఈఎంఐ సంగతి చూద్దాం. 5,850 చొప్పున 12 నెలలంటే 70,200. అంటే 62,000 మీద అదనంగా 8,200. 'ఏడాదికి 13 శాతమే కదండీ' అని అతను అనే ఉంటాడు. ఆ 62,000 ఏడాది పొడుగునా మీ దగ్గరే ఉంటే ఆ మాట నిజం. కానీ మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెం తీర్చుకుంటూ వస్తారు కదా. తీరిపోగా మిగిలిన అసలు మీద లెక్క కడితే వడ్డీ 23 శాతం దాటుతుంది. మీవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు నాలుగు పైసలు తక్కువ. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నీళ్ల జారుడుబండ ఎక్కుదామంటే ఆయన ఏమంటారో అడిగి చూడండి.

గాజుల మీద తెచ్చే అప్పు దీనికన్నా చవకే, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా వద్దంటున్నాను. బంగారం అప్పులో నెలనెలా కట్టమని వెంటపడేవాళ్లు ఉండరు. ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు, పై ఏడాదీ అంతే. అత్తయ్యగారి వయసు 64 అని రాశారు. ఆ గాజులు, ఆ 55,000 ఏ అర్ధరాత్రో ఆసుపత్రి మెట్లెక్కాల్సి వస్తే పనికొచ్చేవి.

మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట ఒకటుంది: 'కట్టగలం'. వెళ్లొచ్చాక నెలకు 5,850 కట్టగలిగినవాళ్లు వెళ్లకముందు కూడా కట్టగలరు. ఈ నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలు కడితే 40,950 అవుతుంది. నా లెక్కలో మీ ప్రయాణానికి 37,100 చాలు. ఎలాగో కింద చెబుతాను. షావుకారు ఇచ్చే 15,000 ముట్టుకునే పనే లేదు, అది ఫీజుకే వెళ్లనివ్వండి.

బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ వేయాలా అంటే, అంత అవసరం లేదు. 6 శాతం లెక్కన ఏడు నెలలకి వచ్చే వడ్డీ 800 చిల్లర. కొన్ని బ్యాంకుల్లో కనీసం ఏడాది వేయాలంటారు కూడా. ఫోన్‌పే, గూగుల్ పేలకి కలపని ఒక సేవింగ్స్ ఖాతా ఉంటే చాలు. జీతం పడిన రోజే అందులో వేసేయండి. ఫోన్‌లో కనపడని డబ్బు ఖర్చవదు, నా అనుభవం అది.

ఇప్పుడు 62,000 ఎక్కడ, 37,000 ఎక్కడ అంటారా? ట్రావెల్స్ అతను మోసం చేస్తున్నాడని నేననను. ఊరు మనకి తెలియదు, అతనికి తెలుసు. ఆ తెలిసినదానికే అతను డబ్బు తీసుకుంటాడు. మీరు ఓ నాలుగు సాయంత్రాలు కూర్చుంటే అదే మీకూ తెలుస్తుంది.

మొదట తెలుసుకోవాల్సింది, వండర్‌లా బెంగళూరు ఊళ్లో లేదు. మైసూరు రోడ్డులో బిడది దగ్గర, నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 28 కిలోమీటర్లు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దూరానికి కాస్త తక్కువ, ట్రాఫిక్ మాత్రం ఎక్కువ. ఊరి నడిమధ్య మెజెస్టిక్‌లో రూమ్ తీసుకుని పొద్దున్నే ఐదుగురు క్యాబ్‌లో బిడది వెళ్లి, రాత్రికి మళ్లీ మెజెస్టిక్ చేరడం అంటే డబ్బు రోడ్డు మీద పోసినట్టే. మీరు వెళ్తున్నది పార్కు కోసం కాబట్టి రూమ్ ఆ మైసూరు రోడ్డులోనే ఉన్న కెంగేరి వైపు తీసుకోండి. మెట్రో పర్పుల్ లైన్ ఆ వైపు చల్లఘట్ట దాకా వెళ్తుంది, అదే చివరి స్టేషన్. అక్కడి నుంచి బిడది వైపు బస్సో క్యాబో పట్టుకుంటే అయిపోతుంది. దారిలో బిడది తట్టె ఇడ్లీ తినడం మరవకండి. పళ్లెమంత ఇడ్లీ, బాబుకి ఒకటి చాలు.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన దగ్గర ఆడవాళ్లకి స్త్రీశక్తి ఉచిత బస్సు వచ్చాక మీకూ అత్తయ్యగారికీ ఆధార్ చూపించి బస్సెక్కడం అలవాటైపోయి ఉంటుంది. కర్ణాటకలోనూ శక్తి అని అలాంటి పథకమే ఉంది, కానీ అది ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. అక్కడ మీరు టికెట్ కొట్టించుకోవాల్సిందే.

ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. కర్ణాటకలో బడులు మే నెలాఖరుకే తెరుస్తారు. మనకి జూన్ 12 ప్రాంతంలో. అంటే జూన్ మొదటి పది రోజులు మన పిల్లలకి సెలవులు, వాళ్ల పిల్లలకి బడి. ఆ రోజుల్లో మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్తే క్యూలు తగ్గుతాయి. పార్కు టికెట్ రేటు కూడా రోజును బట్టి మారుతుంది, శని ఆదివారాలకన్నా మామూలు రోజుల్లో తక్కువ. యార్డుకి వేసవి సెలవులు ఆ ప్రాంతంలోనే ఉంటాయి కాబట్టి మీవారికి జీతం కోత కూడా ఉండదు. జూన్‌లో అక్కడ జల్లులు పడతాయి, ఉరుములొస్తే పెద్ద రైడ్లు కాసేపు ఆపుతారు. అయినా మన రోహిణి ఎండల్లో నుంచి వెళ్లేవాళ్లకి ఆ జల్లు హాయిగానే ఉంటుంది.

'హైదరాబాద్‌లోనూ అదే పార్కు ఉంది కదా' అని ఎవరైనా అంటారు. ఉంది, 2016 నుంచి రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. దూరం తక్కువ, ఖర్చూ తగ్గుతుంది. బంధువుల ఇంట్లో దిగితే రూమ్ అద్దె మిగులుతుంది గానీ పళ్లు, స్వీట్లు, వచ్చేటప్పుడు వాళ్ల పిల్లల చేతిలో పెట్టే 500 నోట్లు కలుపుకుంటే అదీ ఉచితం కాదు. పాప అడిగింది బెంగళూరు. ఏడు నెలలు అందరూ కలిసి దాచబోతున్నారు కాబట్టి బెంగళూరే వెళ్లండి.

ఇక టికెట్లు. అక్కడ పిల్లల టికెట్‌కి చూసేది వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్ల నుంచి 140 దాకా పిల్లల రేటు, అది దాటితే పెద్దల రేటు. పాపని చెప్పులు లేకుండా తలుపు చట్టానికి ఆనించి నిలబెట్టండి. మడమలు గోడకి తగలాలి, జడ పైకి ఎత్తి కట్టి ఉండకూడదు. తల మీద ఓ అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. మీ కుట్టు టేపు మీద 55 అంగుళాలంటే 140 సెంటీమీటర్లు, దానికి ఓ నూలు పోగు తేడా. 12 ఏళ్ల పిల్ల ఇప్పుడు గీత కింద ఉన్నా జూన్‌కి దాటేస్తుంది, కాబట్టి పెద్దల టికెట్టే లెక్క వేశాను. అందులో సంతోషించాల్సింది కూడా ఉంది. భయపెట్టే పెద్ద రైడ్లకి ఎత్తు చూసే ఎక్కనిస్తారు. బాబు మాత్రం వాటి దగ్గరకి వెళ్లి ఏడుస్తాడు. వాడికి ఇప్పటినుంచే చెప్పి ఉంచండి, అక్కడికి వెళ్లాక చెబితే వినడు.

అందుకే అత్తయ్యగారి టికెట్ దండగ అనుకోవద్దు. 60 దాటినవాళ్లకి రేటు కొంత తగ్గుతుంది, ఆధార్ కార్డు పట్టుకెళ్లండి. మీరిద్దరూ పాపతో పెద్ద రైడ్ ఎక్కినప్పుడు బాబుని పట్టుకుని, సంచులు చూసుకుంటూ నీడన కూర్చునే మనిషి కావాలి. ఆవిడ మోకాళ్లు ఎంతసేపు నడవనిస్తాయో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. మనవడి కోసం రాత్రి దాకా నడుస్తారు, మర్నాడు లేవలేరు.

రైలు సంగతి. కొండవీడు ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగా, నంద్యాల వైపు నుంచి యశ్వంతపూర్ వెళ్తుంది, రాత్రి ప్రయాణం. వారానికి మూడు రోజులే కాబట్టి ప్రయాణం తేదీలు దాన్ని బట్టే పెట్టుకోండి. దొరక్కపోతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉంటుంది. యశ్వంతపూర్ స్టేషన్ పక్కనే మెట్రో. గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారితే కెంగేరి వైపు దించుతుంది, మనిషికి 100 లోపే. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే ఏప్రిల్ మొదట్లో. ఆ వేళకి మీ ఖాతాలో ఐదు నెలల డబ్బు, 29,250 ఉంటుంది. 6 ఏళ్ల బాబుకి బెర్తు వద్దంటే సగం టికెట్టే, కానీ రాత్రంతా వాడి కాళ్లు మీ కడుపులో ఉంటాయి. పూర్తి టికెట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు థర్డ్ ఏసీ, వచ్చేటప్పుడు స్లీపర్ అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో అలిసిపోయి ఉంటారు, ఎక్కడ పడుకోబెట్టినా నిద్రపోతారు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా పిల్లల్ని వేరే రాష్ట్రంలో ఒక పార్కుకి తీసుకెళ్లాను. లెక్కలు చెప్పే మనిషిని కదా, ప్రతి రూపాయీ డైరీలో రాసుకున్నాను. నీళ్ల రైడ్ల గేటు దగ్గర కుర్రాడు మా నలుగురి కాటన్ బట్టలు చూసి చేయి అడ్డం పెట్టాడు. నైలాన్ బట్టలైతేనే లోపలికి. పక్కనే కొట్టు, అందులో ఒకటే ధర, బేరం లేదు. నలుగురికీ బట్టలు కొనేసరికి ఒక మనిషి టికెట్ కన్నా ఎక్కువైంది. ఆ ఆకుపచ్చ నిక్కరు ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మళ్లీ ఒంటి మీద వేసింది లేదు. మీరు వెళ్లేచోటా అదే నియమం: నైలాన్ లేదా లైక్రా. విజయవాడ బీసెంట్ రోడ్డులో ముందే కొనుక్కోండి. కుట్టు మీ చేతిలో ఉంది కాబట్టి గుడ్డ తెచ్చుకుంటే ఇంకా చవక. బయటి తిండి కూడా లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా రైలుకి కట్టుకోండి, పార్కుకి కాదు.

ఇదీ నా లెక్క. రైలుకి 8,250. రెండు రాత్రుల రూమ్‌కి, రోజుకు 2,500 మీద 5 శాతం జీఎస్టీ కలిపి 5,250. పార్కు టికెట్లు పెద్దలు నలుగురికి 1,800 చొప్పున, బాబుకి 1,400, మొత్తం 8,600. ఇది కొంచెం పెంచి వేసుకున్న అంచనా. అత్తయ్యగారికీ పూర్తి రేటే వేశాను, తగ్గితే మీకు మిగులు. వారం ముందు పార్కు సొంత వెబ్‌సైట్‌లోనే చూసి కొనండి. తిండికి 5,000, అక్కడ తిరగడానికి 3,500, బట్టలు లాకర్ వంటివాటికి 2,500. ఇవన్నీ 33,100. దీని మీద 4,000 విడిగా కవర్లో పెట్టుకోండి. కొత్త ఊళ్లో దారి తప్పడానికి, వానలో ఆటో దొరక్క క్యాబ్ పిలవడానికి, బాబు ఒక చెప్పు పోగొట్టుకోవడానికి. ఈ కవరు లేకపోతేనే 55,000 మీద చేయి పడుతుంది.

మూడో రోజు రైలు వేళ దాకా ఖాళీ ఉంటే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం చూపించండి. కబ్బన్ పార్కు పక్కనే, ఖర్చు తక్కువ, పిల్లలు మీటలు నొక్కుతూ పూట గడిపేస్తారు.

రూమ్ బుక్ చేసేటప్పుడు డబ్బు వెనక్కి వచ్చే షరతు ఉన్నదే తీసుకోండి. గూగుల్‌లో కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పారని యూపీఐ పిన్ కొట్టొద్దు. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ట్రావెల్స్ అతనికి ఇప్పుడే వద్దని చెప్పేయండి, ఊరికే నానబెడితే రోజూ ఫోన్ చేస్తాడు. తలుపు చట్టం మీద గీత పక్కన తేదీ వేయండి, మేలో మళ్లీ కొలవండి.