మా ఊళ్లో వేసిన సీసీ రోడ్డు ఏడాదిలోనే పగిలింది. మోసం ఎక్కడ జరిగిందో ఎలా కనిపెట్టాలి?

వంద మీటర్ల రోడ్డు, బిల్లు పూర్తిగా తీసేసుకున్నారు, మొదటి వానాకాలానికే పగుళ్లు. టెండర్‌లోనే ఏదో జరిగి ఉంటుందని మీ అనుమానం. నేను ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు), తర్వాత ఆ పైన ఉండే డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చేసి రిటైరయ్యాను. నన్నడిగితే ముందు ఎం.బుక్ చూడండి, టెండర్ సంగతి తర్వాత.

ఎం.బుక్ అంటే కొలతల పుస్తకం. పని ఎంత జరిగిందో ఏఈ సైటు దగ్గర కొలిచి అందులో రాస్తాడు, డీఈ మళ్లీ కొలిచి చెక్ చేస్తాడు, దాన్నిబట్టే బిల్లు. పేజీలకు నంబర్లు ముందే వేసి ఉంటాయి, చింపడానికి లేదు. అంకె తప్పు పడితే కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. ఇంత కట్టుదిట్టమైన పుస్తకాన్నీ ఆఫీసులో కూర్చుని నింపేస్తే ఇక చెప్పేదేముంది!

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తప్పు నేనే చేశాను. కాంక్రీటు కింద వేసే గ్రావెల్‌ను కప్పెయ్యకముందే కొలవాలి. ఆ రోజు వేరే పని ఉండి వెళ్లలేదు. మర్నాడు వెళ్లేసరికి కాంక్రీటు పోసేశారు. "ఆరంగుళాలు వేశాం సార్, రాసేయండి" అన్నాడు కాంట్రాక్టర్. రాసేశాను. వానలు పడ్డాక రోడ్డు ఒక పక్కకు కుంగింది. తవ్వి చూస్తే గ్రావెల్ మూడంగుళాలు కూడా లేదు. నేను రూపాయి తీసుకోలేదు, కానీ ఆ పేజీలో ఉన్నది నా సంతకమే. అక్కడ అరుగు మీద కూర్చున్న ముసలామె "దగ్గరుండి వేయించావా నాయనా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ తర్వాత కంటితో చూడని కొలత ఒక్కటీ రాయలేదు. దానికి మాటలు పడ్డాను, బదిలీలూ అయ్యాయి.

ఇక మీ రోడ్డు. అంచు దగ్గర టేపు పెట్టి "సరిగ్గానే ఉందే" అనుకోకండి. అందరూ చూసేది అంచే కాబట్టి అక్కడ మందం పూర్తిగా ఉంచుతారు, మధ్యలో గ్రావెల్‌ను ఎత్తుగా పోసి కాంక్రీటు మిగుల్చుకుంటారు. లెక్క వేసి చూడండి: వంద మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం సగటున 110కి తగ్గితే 33 మాత్రమే. మిగిలిన 12 ఘనపు మీటర్లకు సిమెంటే డెబ్బై బస్తాలు దాటుతుంది. అందుకే కోర్ కటింగ్ అడగండి, అదీ రోడ్డు మధ్యలో. గుండ్రటి బిట్‌తో కోసి తీసిన కాంక్రీటు ముక్కను మీ కళ్లముందే కొలవమనండి.

టెండర్లలో మోసం లేదని నేననను. నేను చేరిన రోజుల్లో ఆఫీసు గేటు దగ్గర మనుషుల్ని పెట్టి, వేరేవాళ్లను బాక్సులో టెండర్ వెయ్యనిచ్చేవాళ్లు కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే పద్ధతి, వచ్చాక ఆ దౌర్జన్యం చాలావరకు తగ్గింది. రింగు మాత్రం పోలేదు. ఈ పని నీకు, ఆ పని నాకు అని కాంట్రాక్టర్లు ముందే పంచుకుంటారు. 2002 కాంపిటీషన్ చట్టం దాన్ని నిషేధించింది, కానీ ఊళ్లో కూర్చుని రుజువు చేయడం కష్టం. పోటీపడి మరీ ఎక్కువ లెస్‌కు, అంటే ఎస్టిమేట్ కన్నా బాగా తక్కువకు, టెండర్ వేసినవాడి మీదా కన్నుండాలి. ఆ నష్టాన్ని అతను చివరికి మందంలోనే రాబట్టుకుంటాడు.

సమాచార హక్కు చట్టం అంటే కాగితాలు అడగడమే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 2(జె) చదవండి. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మనే హక్కు కూడా అందులో ఉన్నాయి. ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం.బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, నాలుగింటి నకళ్లూ ఒకే దరఖాస్తులో అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు వేయండి.

అగ్రిమెంట్ చేతికి రాగానే డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఆ గడువు లోపల పగుళ్లను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాంట్రాక్టర్ కట్టిన డిపాజిట్ ఇంకా శాఖ దగ్గరే ఉంటే ఒప్పించడం తేలిక, అది వెనక్కి ఇచ్చేశాక మీ మాట ఎవరూ వినరు. ఈలోగా పగుళ్లకు స్కేలు ఆనించి, తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.