కాళ్ళ తిమ్మిర్లకు రక్త ప్రసరణ సప్లిమెంట్లు వాడొచ్చా?

రాత్రిళ్ళు అరికాళ్ళు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయి, రక్త ప్రసరణ పెరగడానికి బీట్‌రూట్ పొడి, చేప నూనె, గింకో (ఒక చెట్టు ఆకుల సారం) మూడూ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. మొదలుపెట్టకముందే అడిగి మంచి పని చేశారు. నేను ఎవరినీ అడక్కుండా మొదలుపెట్టి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

నాకు ముందు బొటనవేళ్ళు మొద్దుబారాయి, తర్వాత అరికాళ్ళు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. రక్తం సరిగా పారట్లేదని నాకు నేనే తేల్చుకుని చేప నూనె, విటమిన్ ఇ, గింకో కలిపి వేసుకున్నాను. తిమ్మిర్లు తగ్గలేదు సరికదా, పన్ను తీయించుకున్న రోజు రక్తం ఎంతకీ ఆగలేదు. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు ముందే అడిగారు. షుగర్ మాత్ర ఒక్కటేనని చెప్పాను. సప్లిమెంట్లు కూడా చెప్పాల్సినవేనని తోచనే లేదు. రక్తం గడ్డకట్టడాన్ని ఇవి తగ్గించే అవకాశం ఉందని, మూడూ కలిపితే ఇంకా జాగ్రత్తగా ఉండాలని ఆ రోజే తెలిసింది.

ఆ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. ఎనిమిదేళ్ళుగా వాడుతున్నాను. దాన్ని ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి ఆహారంలోని బీ12 సరిగా ఒంటబట్టదు. పరీక్ష చేయిస్తే నాకు బీ12 బాగా తక్కువగా ఉంది. అంటే నా తిమ్మిర్లు నరాలవి, రక్తనాళాలవి కావు. ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు వాడాక కొన్ని నెలలకు స్పర్శ తిరిగొచ్చింది. ఎడమ బొటనవేలు మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది. నరం ఎక్కువకాలం దెబ్బతింటే పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఆ ఏడాది పోయిందని నేను బాధపడేది అందుకే.

అందుకే ముందు బీ12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా కాళ్ళు చేతులు చల్లగా ఉంటాయి. ఐరన్ తక్కువని తేలకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు, ఎక్కువైనా హానే. కాళ్ళ రక్తనాళాలే పూడుకుపోతుంటే తీరు వేరుగా ఉంటుంది. కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేస్తాయి, ఆగితే తగ్గుతుంది, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తుంది. అలా ఉంటే చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ కొలిచి పోల్చి చూస్తారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.9 లేదా అంతకన్నా తక్కువ ఉంటే కాలి ధమనుల్లో అడ్డు ఉన్నట్టు లెక్క. దానికి ఏ పొడీ చాలదు.

బీట్‌రూట్ సంగతికొస్తే, అందులో నిజం ఉంది. దానిలోనూ ఆకుకూరల్లోనూ ఉండే నైట్రేట్‌ను మన నోటిలోని బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. ఒంట్లోకి వెళ్ళాక అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, రక్తనాళాలు సడలుతాయి, బీపీ కొద్దిగా దిగుతుంది. రక్తనాళాల మీద ఈ నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని కనుగొన్నందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. క్రిములను చంపే మౌత్‌వాష్ రోజూ వాడితే ఆ బాక్టీరియా తగ్గి ఈ మేలూ తగ్గుతుంది, ఇది చాలామందికి తెలియదు. పొడి బదులు కూరగానే తినండి, పీచు కూడా దక్కుతుంది. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి.

ప్రసరణకంటూ అమ్మే ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం జోలికి సొంతంగా వెళ్ళొద్దు. గుండెపోటు వచ్చినవాళ్ళకు దాన్ని ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో, అది తీసుకున్నవాళ్ళలోనే మరణాలు ఎక్కువగా కనిపించడంతో మధ్యలో ఆపేశారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. చేప నూనె ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్ళకు పనికొస్తుంది గానీ, ఎక్కువ మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదాన్ని పెంచుతుంది.

నాకు రోజూ తేడా తెలిసేది నడకతోనే. పిక్క కండరాలు బిగిసినప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తాయి, అందుకే గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తాను. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటనివ్వను. సిగరెట్ అలవాటుంటే అది మానడమే మీ రక్తనాళాలకు అన్నిటికన్నా పెద్ద మేలు.

మీరు రక్తం పలచబడే మందు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే గింకో అసలు ముట్టుకోవద్దు. ఆ మందు వార్ఫరిన్ అయితే ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినండి, వాటిలోని విటమిన్ కె హెచ్చుతగ్గులైతే మందు పనితీరు మారిపోతుంది. ఒక కాలు ఒక్కసారిగా చల్లబడి పాలిపోయినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.