కారం డబ్బా పక్కన పెట్టాల్సి వస్తే

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఈమధ్యే పెళ్ళయింది. వచ్చే నెల న్యూజెర్సీ వెళ్తున్నాను. ఏడాదిగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళ జబ్బు ఉంది, మందులు వాడుతున్నాను. ఆటోఇమ్యూన్ ఎలిమినేషన్ డైట్, అంటే కొన్ని ఆహారాలను కొన్నాళ్ళు మానేసి తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకునే పథ్యం, పాటించి చూడమని డాక్టరుగారు అన్నారు. ఆ జాబితా చూస్తే మన వంటింట్లో ఏమీ మిగిలేలా లేదు. ఇక్కడి నుంచి ఏమి తీసుకెళ్ళాలి, అక్కడ ఏమి కొనుక్కోవాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్న అందేసరికి నేను గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ వంటింట్లో ఉన్నాను. పదహారేళ్ళుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురం. నాదీ మీ జబ్బే. ఏడేళ్ళ కిందట అదే జాబితా నా చేతికిచ్చినప్పుడు నేను మొదట వెతికింది మిరపకాయనే. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో పుట్టినవాళ్ళను కారం మానమనడం చిన్న మాట కాదని నాకు తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను.

సామాన్ల కంటే ముందు, ఊళ్ళో ఉండగానే సీలియాక్ జబ్బుకు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. మందులు మాత్రం ఎవరు చెప్పినా మానకండి. 2017లో అమెరికాలో పేగుల వాపు జబ్బులున్న 15 మందికి ఈ ఆహారం పెట్టి చూశారు. ఆరో వారానికి 11 మందికి లక్షణాలు సద్దుమణిగాయి. అయితే వాళ్ళలో మందులు వాడుతున్నవాళ్ళూ ఉన్నారు, పోల్చి చూడడానికి మరో బృందం లేదు, పైగా అది కీళ్ళ జబ్బు మీద చేసిన పరీక్ష కాదు. దీన్ని నమ్ముకుని మందు ఆపడం కీళ్ళను పణంగా పెట్టడమే. ఇంకో మాట, కొత్తగా పెళ్ళైనవారు కనుక తప్పక చెప్పాలి: మీరు వాడేది మెథోట్రెక్సేట్ అయితే ఆ మందు మీద ఉండగా గర్భం రాకూడదు. బిడ్డ కోసం అనుకుంటున్నప్పుడు డాక్టరును అడగకుండా ఇంత కఠినమైన పథ్యం కూడా మొదలుపెట్టకండి.

ఇక జాబితా. వరి, గోధుమ, రాగి, జొన్న వంటి ధాన్యాలు, పప్పులన్నీ, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, కాఫీ, చక్కెర పక్కకు పోతాయి. ఇది అందరికీ అర్థమవుతుంది. మనవాళ్ళు పొరబడేది పోపుల పెట్టె దగ్గర. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు గింజలే కనుక అవీ ఆగాలి. మిరియాలు, యాలకులు కూడా మొదటి విడతలో వద్దు. ఇంగువ పొడిలో గోధుమపిండో బియ్యప్పిండో కలిసి ఉంటుంది. నూనెల్లో వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, పత్తిగింజల నూనెలు పోయి కొబ్బరినూనె, ఆలివ్ నూనె, అవకాడో నూనె మిగులుతాయి. మిరప, టమాటా, వంకాయ, బంగాళాదుంప, కాప్సికం ఒకే కుటుంబం మొక్కలు, అవన్నీ ఆపాలి. అశ్వగంధ కూడా ఆ కుటుంబానిదే. కీళ్ళనొప్పులకు మంచిదని ఎవరో ఒకరు మీ పెట్టెలో ఆ డబ్బా పెడతారు. తీసేయండి.

ఇప్పుడు మిగిలినవి చూడండి. బీర, సొర, పొట్ల, దొండ, బెండ, కాకర, గుమ్మడి, బూడిదగుమ్మడి, మునక్కాయ, ముల్లంగి, అరటికాయ, అరటిపువ్వు, అరటిదూట. దుంపల్లో చిలగడ, కంద, చామ, కర్రపెండలం. ఆకుకూరలన్నీ. మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్ళలో వారం రోజులు వండుకునే కూరలే ఇవి. చిక్కుడు, గోరుచిక్కుడు మాత్రం కాయలుగా కనిపించినా పప్పుజాతివి, ఆగాలి. సగ్గుబియ్యం కర్రపెండలం నుంచే చేస్తారు కాబట్టి తినవచ్చు. అమెరికా పుస్తకాలు కాలీఫ్లవర్ తురుమును అన్నం అనుకోమంటాయి. నాకు అది ఎన్నడూ అన్నం అనిపించలేదు. ఉడికించిన చిలగడదుంపతో చేపల పులుసు తిన్న రోజున కడుపు నిండింది.

కారం పోయిన చోట పులుపును నిలబెట్టండి. ఇది నేను మొదటి నెలంతా చప్పిడి తిని, ఏడ్చి నేర్చుకున్న సంగతి. మనకు మిరప పోర్చుగీసువాళ్ళ రాక తర్వాతే వచ్చింది. అది లేకున్నా చింతపండు, అల్లం, గోంగూర మన దగ్గర ఉన్నాయి. కొబ్బరినూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, అల్లం తరుగు, గుప్పెడు కరివేపాకు వేగనిచ్చి పసుపు వేస్తే పోపు లేని లోటు సగం తీరుతుంది. చేపల పులుసుకు చింతపండు రసం, కొబ్బరిపాలు, ఉల్లిపాయ ముద్ద. కోడికూరకు దాల్చినచెక్క, లవంగం, పచ్చికొబ్బరి. గోంగూర మాంసం కారం లేకుండా కూడా గోంగూర మాంసమే, వండి చూడండి.

మీరు శాకాహారులో కాదో రాయలేదు. శాకాహారులైతే ఈ పథ్యం యథాతథంగా చేయవద్దు. పప్పు, పెరుగు, గుడ్డు, గింజలు అన్నీ ఒకేసారి పోతే మాంసకృత్తులు దాదాపు ఉండవు. బియ్యాన్ని, నెయ్యిని, అలాగే సోయా కాక మిగతా పప్పులను ఉంచే సడలించిన పద్ధతి ఉంది. డైటీషియన్ సాయంతో దాన్ని అనుసరించండి. మాంసం తినేవారైతే వారానికోసారి కార్జం, ఎముకల పులుసు పెట్టుకోండి. పాలు మానేస్తున్నారు కనుక కాల్షియం కోసం ముళ్ళతో సహా తినే చిన్న చేపలు అవసరం. డబ్బా సార్డీన్లు కొంటే ఆలివ్ నూనెలోవో నీళ్ళలోవో చూసి కొనండి, సోయా నూనెలోవి ఎక్కువగా ఉంటాయి. గులాబీ రంగు ఉప్పుకు మారిపోకండి, అయొడిన్ ఉప్పే వాడండి.

అక్కడ కూరగాయలకు కొరత లేదు. ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డు మీది మన దుకాణాల్లో దొండ, బీర, మునక్కాయ, కరివేపాకు, గడ్డకట్టించిన కొబ్బరి తురుము దొరుకుతాయి. కర్రపెండలం, అరటికాయ లాటిన్ అమెరికా వాళ్ళ దుకాణాల్లో చవక. కర్రపెండలాన్ని అక్కడ యూకా అంటారు. డబ్బా కొబ్బరిపాలలో గోరుచిక్కుడు గింజల బంక కలుపుతారు. కొబ్బరి, నీళ్ళు తప్ప మరేమీ లేనిది తీసుకోండి. నువ్వులు ఉంటే ప్యాకెట్ మీద చెప్పాలని అమెరికాలో 2023 నుంచి నియమం ఉంది, మిరపకు అలాంటిది లేదు. స్పైసెస్ అని ఒక్క మాట రాసి ఉంటే అందులో మిరప ఉండవచ్చు. అలాంటి ప్యాకెట్ నేను వెనక్కి పెట్టేస్తాను.

ఇక్కడి నుంచి పసుపు తెచ్చుకోండి. దుగ్గిరాల కొమ్ములు కొని ఇంట్లో పొడి చేయించండి. మన మరల్లో అప్పటిదాకా మిరపకాయలు ఆడి ఉంటారు, ఎంత తుడిచినా ఆ కారం పసుపులోకి వస్తుంది. గింజ తీసిన చింతపండు, సొంఠి, పాలగుండ, మామిడి ఒరుగులు తెచ్చుకోండి. గోంగూర నిల్వ పచ్చడి పెట్టేటప్పుడు మీ వాటా కొబ్బరినూనెలో ఉప్పు, పసుపుతో మగ్గించి, కారం కలపకముందే వేరుగా తీయించండి. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టకండి. నిమ్మజాతి తోటలకు తెగులు తెచ్చే పురుగు దాని వెంట వస్తుందని అమెరికాలోకి రానివ్వరు. తెచ్చిన ప్రతి తిండి వస్తువునూ విమానాశ్రయంలో ప్రకటించండి.

మీ ఆయన మామూలు భోజనమే చేస్తారు కదా. మీకంటూ ఒక అర, ఒక మూకుడు, ఒక మిక్సీ గిన్నె విడిగా ఉంచుకోండి. ఆదివారం రెండు కూరలు, ఒక పులుసు చేసి డబ్బాల్లో సర్దుకోండి. నేను పథ్యం తప్పిన రోజులన్నీ ఫ్రిజ్ ఖాళీగా ఉన్న రోజులే.

కనీసం 30 రోజులు, ఎక్కువలో ఎక్కువ 90 రోజులు. ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. నాకు తెలిసినవాళ్ళు కొందరు కాస్త తగ్గగానే భయపడి, ఏళ్ళ తరబడి పథ్యంలో మిగిలిన ఆ కొద్ది పదార్థాల మీదే ఉండిపోయి బక్కచిక్కిపోయారు. మీరు అలా చేయకండి. ముందు నెయ్యి, గుడ్డులో పచ్చసొన, జీలకర్ర, ధనియాలు. ఒక రోజు కొంచెం తిని, ఏమీ లేకపోతే ఇంకొంచెం తిని, తర్వాత ఐదారు రోజులు మరే కొత్తదీ ముట్టకుండా ఉదయం వేళ్ళ బిగుతు, నిద్ర, కడుపు ఎలా ఉన్నాయో రాసుకోండి. నాకు నెయ్యి, జీలకర్ర, అన్నం అన్నీ వచ్చేశాయి. టమాటా తింటే మర్నాడు వేళ్ళు బిగుసుకుపోతాయి, అందుకని వదిలేశాను. మీకు మరోలా ఉండవచ్చు.

మిరపకాయ చివర్లో వస్తుంది. ఈ ఏడాది కొట్టించిన కారంలో ఒక పొట్లం మీ అమ్మగారి దగ్గరే ఉంచండి. దాని వంతు వచ్చినప్పుడు పంపమని అడగండి.